చప్పుడు లేని పళ్లెం

నాయిన గొంతు నాకు గుర్తులేదు. ఆయన పోయినప్పుడు నాకు రెండేళ్లు. బుర్రకథ దళంలో వంత పాడేవాడు. ఆ దళం పాడిన రికార్డు ఒకటి అమ్మ ట్రంకుపెట్టెలో, పాత చీర మడతల మధ్య ఉంది. అందులో వంతలు ఇద్దరు. ఎప్పుడో ఎవరిదో ప్లేయరు అడిగి తెచ్చి వేస్తే, ఇద్దరి గొంతులూ గరగరలో కలిసిపోయాయి. నాయినది ఏదో అమ్మ కూడా చెప్పలేకపోయింది.

నేను శామీర్‌పేట అవతల అలియాబాద్‌లో బట్టలు కుడతాను. బడి తొమ్మిదితో ఆగింది. మిగతా చదువంతా మేడ్చల్ గ్రంథాలయంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకున్నదే. అక్కడే రికార్డు ప్లేయర్ల మీద ఒక ఇంగ్లిషు పుస్తకం దొరికింది. మూడుసార్లు చదివాను. మొద్దు సూది రికార్డు మీది గాడి గోడల్ని పైపైన అరగదీస్తుందట. సన్నగా చెక్కిన సూది ఇంకా లోతుకు దిగి, అంతవరకూ ఏ సూదీ తాకని చోటును చదువుతుందట. వాయిలు చీరకు గోనెసంచి సూది వాడితే ఏమవుతుందో తెలిసినదాన్ని, వెంటనే నమ్మాను. అలాగైతే నాయిన గొంతు ఆ అరగని చోట ఇంకా ఉండాలి.

కొంపల్లిలో ఒక పెద్దాయన తన విల్లాలోనే ఖరీదైన ప్లేయర్లు అమ్ముతారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు ఇంజనీరు. కుట్టుకూలిలోంచి కూడబెట్టిన డబ్బుతో ఒక మధ్యాహ్నం అమ్మను, రికార్డును వెంటబెట్టుకుని ఆటోలో వెళ్లాను. పాటలు వినే గదిలో గోడలకు మందపాటి గుడ్డ, కిటికీలకు బరువైన తెరలు. తలుపు వేయగానే బయటి రోడ్డు ఆగిపోయినట్టయింది. నా గాజుల చప్పుడే ఇంకెవరిదో అనిపించింది.

రెండు ప్లేయర్లు చూపించారు. మొదటిది చెక్కది, ముచ్చటగా ఉంది. రెండోదానికి నల్లటి లోహపు పళ్లెం. మోటారు దానికి ఎడంగా, విడిగా నిలబడి ఉంది.

“గిదేంది, పిండి గిర్ని లెక్క ఉంది,” అంది అమ్మ. “దీనిమీద పాటలు ఇంటరా, జొన్నలు పట్టిస్తరా?”

పెద్దాయన నవ్వారు. “బరువుంటేనే నిలకడమ్మా. మోటారు వణుకు సూదిదాకా రాదు.”

“దాన్నే రంబుల్ అంటారు కదండీ,” అన్నాను, ఆగలేక.

మొదటిదాని మీద పాట నిండుగా వచ్చింది. కానీ వంతలిద్దరూ ఒకే మనిషిలా వినిపించారు. రెండోదాని మీద సూది దించారు. గరగర ఎక్కడికో దూరంగా వెళ్లిపోయింది. పాటకు ముందుండే ఖాళీ గాడిలో సూది నడుస్తోంది. ఆ ఖాళీలో ఎవరో చిన్నగా దగ్గారు. స్పీకర్లలోంచి వచ్చినట్టు లేదు. మా వెనక, తలుపు దగ్గర నుంచి వచ్చినట్టుంది.

అమ్మ లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుంది.

మా ఇళ్లలో మగవాళ్లు గడప దాటే ముందు ఒకసారి దగ్గేవారు. లోపలున్న ఆడవాళ్లు కొంగు సర్దుకోవడానికి అది గుర్తు. నాయిన పోయాక అమ్మ అలా కొంగు లాక్కోవడం నేనెప్పుడూ చూడలేదు.

అంతలో పాట మొదలైంది. వంతలిద్దరూ ఈసారి విడివిడిగా ఉన్నారు.

“ముందుగాల అందుకునేది మీ నాయిన,” అంది అమ్మ, నిలబడే.

కొంచెం జీర ఉన్న గొంతు. నా గొంతే, మగవాడి ఒంట్లోంచి వస్తున్నట్టు.

మొదటి నుంచి మళ్లీ వేయమన్నాను. ఖాళీ గాడి వచ్చింది, వెంటనే పాట వచ్చింది. దగ్గు రాలేదు. ఇంకోసారి వేశారు. రాలేదు.

“దుమ్ము ముద్దేదో ఉండుంటుందండీ,” అన్నారు పెద్దాయన. “సూది తోసేసింది. అవుతుంటుంది.”

పుస్తకంలోనూ అలాగే ఉంది. అమ్మకు అదే వివరించబోయాను.

“దగ్గేది లోపటికి రానీకె బిడ్డా,” అంది అమ్మ, మెల్లగా. “వచ్చినంక మల్ల ఎందుకు దగ్గుతడు?”

పెద్దాయన తలుపు వైపు చూశారు. మూసే ఉంది.

రెండోదే కావాలన్నాను. ఆయన వెంటనే లేచారు. “డబ్బా విప్పనిది లోపలుంది, తెస్తానుండండి.”

“వద్దు సారూ. గిదే ఇయ్యి,” అంది అమ్మ.

“ఇది అందరికీ వినిపించడానికి పెట్టిందమ్మా. గీతలు పడ్డాయి. సూది కూడా వాడిందే.”

“ఉండనియ్యి. గిదే.”

వాడిన సూది కొనకూడదని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ మాట గుర్తుండగానే నేనూ “ఇదే ఇవ్వండి” అన్నాను.

మిగతా భాగాలు ఆటోలో సీటు వెనక సర్దారు. పళ్లెం పెట్టెను మాత్రం నేను ఒళ్లో పెట్టుకున్నాను. శామీర్‌పేట దాటినా అమ్మ కొంగు దించలేదు. సీటులో ఆ చివరికి ఒదిగి కూర్చుంది. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటుంది.

డ్రైవరు అద్దంలో చూసి, “అక్కా, గంత బరువు ఒళ్లె ఎందుకు? నడుమ జాగ ఖాళీగనే ఉంది గద, ఆడ పెట్టరాదు?” అన్నాడు.

అమ్మ నావైపు చూసింది. మోకాళ్లు తిమ్మిరెక్కుతున్నా, ఇల్లు చేరేదాకా పెట్టెను ఒళ్లోనే పట్టుకున్నాను.