సగం మందు తూటాలు

వెర్లిన్ హౌగెన్ అంత మొహమాటస్తుడు బిటర్‌రూట్ లోయ మొత్తం గాలించినా దొరకడు. రంపపు మిల్లులో పనిచేసినన్నాళ్ళూ ఎవరినీ కాదనడం ఎరగడు. తూటాల విషయంలో మాత్రం ఘటికుడు. తన చేత్తో నింపినవి తప్ప తుపాకీలో పెట్టడు.

ఆ ఏడు అతని భార్య ఆర్డిస్‌కి భుజం ఆపరేషన్ అయింది. ఆమె తండ్రి వదిలివెళ్ళిన పెద్ద రైఫిల్ పేలిస్తే గుర్రం తన్నినట్టుంటుంది. అయినా ఎల్క్ దుప్పుల వేటకు దానితోనే వెళ్తానని పట్టుబట్టింది. సరేనని వెర్లిన్, దెబ్బ తగ్గేలా తుపాకీ మందు సగమే పోసి తూటాలు చెయ్యడానికి కూర్చున్నాడు. ఏ మందు పడితే అది తగ్గించడానికి లేదు, కొన్ని రకాలు తగ్గిస్తేనే తుపాకీని బద్దలు చేస్తాయి. అందుకే పుస్తకం చూసి, తగ్గించవచ్చని రాసిన మందే తెచ్చాడు. అంతా పద్ధతిగానే సాగింది, పొరుగింటి క్లైడ్ వచ్చి కూర్చునేదాకా.

మందు పోసేవాడితో మాట్లాడకూడదని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ పెద్దమనిషికి తెలియదా? తెలిసీ తన ట్రక్కు గోడు మొదలుపెట్టాడు. పొమ్మనడానికి వెర్లిన్‌కి నోరు రాలేదు. ఊకొడుతూనే మందు పోశాడు. ఇత్తడి గొట్టాల్లోకి లైటు వేసి చూడకుండానే గుండ్లు బిగించేశాడు.

వేట సీజన్ ఆఖరి శనివారం పొద్దున, గురి చూసుకోవడానికి ఊరి బయటికెళ్ళి ఆర్డిస్ తూటా పెట్టి రైఫిల్ ఎత్తింది.

“ఆగవే. తీసెయ్,” అన్నాడు వెర్లిన్.

“ఇప్పుడేం వచ్చిపడింది?”

“క్లైడ్ మాటల్లో పడి లోపలికి చూళ్ళేదు. సగం మందే కదా, ఒకదాంట్లో రెండుసార్లు పోసినా పైకి కనపడదు. అది పేలిస్తే తుపాకీ మొహం మీదే బద్దలవుతుంది.”

“రేపటితో సీజన్ అయిపోతుంది ముసలాడా. ఇన్నాళ్ళూ ఆశపెట్టి ఇప్పుడా చెప్పేది?”

“తర్వాత తిట్టుకో. ముందు తియ్యి.”

ఇంటికొచ్చి ఒక్కొక్క గుండూ ఊడదీసి మందు పళ్ళెంలో పోయసాగాడు. ఆర్డిస్ పక్కనే కాఫీ తాగుతూ దెప్పుతోంది.

“నీ అనుమానం తగలెయ్య, అన్నీ బాగానే ఉన్నాయిగా.”

అప్పుడే ఇంకొకటి ఒంపాడు. మందు పడుతూనే ఉంది. రెండింతలు.

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. “నేను పెట్టింది ఇదేనా?”

“తెలీదే. అన్నీ జేబులో కలిసిపోయాయి.” అతని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. “పొమ్మంటే వాడేమనుకుంటాడోనని ఊరుకున్నాను. నీ ప్రాణం మీదికి తెచ్చాను.”

ఇన్నేళ్ళ కాపురంలో అతను ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. లేచి రైఫిల్ తుడిచి బీరువాలో పెట్టేసింది.

“వచ్చే ఏడు వెళ్దాంలే,” అంది. “గురి చూడ్డానికి కళ్ళు మిగిలాయిగా.”