నా కూతురు కోరుకున్న దొంగ

సహోదరులారా, సహోదరీలారా, తాగుడు నుంచో జబ్బు నుంచో విడుదల పొందినవాళ్ల సాక్ష్యాలు మీరు చాలా విన్నారు, నన్ను మాత్రం దేవుడు అనుమానం నుంచి విడిపించాడు, అదీ ఒక్కసారిగా కాదు, ఇప్పటికీ రోజూ కొంచెం కొంచెంగా విడిపిస్తూనే ఉన్నాడు.

మాది హనుమకొండలో సుబేదారి. నేను ఎలాంటి మనిషినంటే, పనమ్మాయి వెళ్లగానే చక్కెర డబ్బా మూత తీసి చూసేదాన్ని, మా ఆయన బండి ఎంత దూరం తిరిగిందో మీటరు చూసేదాన్ని, జపమాల చెప్పేటప్పుడు ఎవరు నిజంగా కళ్లు మూసుకున్నారో చూడడానికి నేను కళ్లు తెరిచేదాన్ని. అలాంటి నాకు నిరుడు ఈస్టరు పండుగప్పుడు మా అమ్మ పెట్టిన కమ్మలు కనబడలేదు. పండుగకు మా ఇంటికి వచ్చిన చుట్టం ఒక్కతే, మరిపెడ నుంచి మా ఆడబిడ్డ శౌరమ్మ. ఇంకేం కావాలి నాకు? ఆమె ఊరికి బయలుదేరుతుంటే వాకిట్లో, వాడకట్టంతా చూస్తుండగా, "సంచి ఒకసారి చూపియ్యి వదినా" అన్నాను. ఆమె సంచి బోర్లించి, చీరలు ఒక్కొక్కటే దులిపి చూపించి, మళ్లీ మడత పెట్టుకుని ఆటో ఎక్కింది. కమ్మలు లేవు. ముందే ఎక్కడో దాచి ఉంటుందిలే అనుకున్నాను. ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు.

ఈ ఏడు మా అమ్మాయి స్నేహ భద్రమైన అభ్యంగనానికి, గుడిలో విశ్వాసాన్ని స్థిరపరిచే ఆ సంస్కారానికి సిద్ధమైంది. మీకు తెలుసు కదా, పిల్లలు ఒక్కొక్కరూ ఒక పునీతుణ్ణి ఎంచుకోవాలి, మేత్రాణులు, అంటే బిషప్పుగారు, నుదుట తైలం పూసేటప్పుడు ఆ పేరుతోనే పిలుస్తారు. చిన్న తెరేజమ్మ పేరు పెట్టుకో, ఆమెలా గులాబీలు పట్టుకుంటే ఫొటో కూడా బాగా వస్తుంది అన్నాను. తల ఊపింది. ఎదురు చెప్పకుండా తల ఊపిందంటేనే నాకు అనుమానం.

అది స్నానానికి వెళ్లినప్పుడు నోటుబుక్కు తిరగేశాను. వెనక పేజీ నిండా ఒకే పేరు, దిస్మాస్, దిస్మాస్, దిస్మాస్. తొమ్మిదో తరగతి పిల్ల, ఎవడు వీడు, ఏ ఊరివాడు? దాని ట్యూషన్ ముందు నాలుగు రోజులు ఆటోలో కూర్చుని కాపలా కాశాను. సారును అడిగితే అలాంటి పిల్లవాడు లేడన్నాడు, అంత తొందరగా లేడన్నందుకు ఆయన మీద కూడా అనుమానం వచ్చింది. చివరికి పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పే సిస్టరమ్మ దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె నవ్వు ఆపుకోలేక, "అమ్మా, ఆయన మంచి దొంగ, యేసయ్య పక్కన సిలువ మీద తప్పు ఒప్పుకుని, నన్ను తలుచుకో అని వేడుకుంటే క్షమాపణ పొందినాయన. బైబిల్లో పేరు లేదు గని, పెద్దలు ఆయన్ని అట్లనే పిలుస్తరు" అంది.

అప్పుడైనా నేను సిగ్గుపడి ఊరుకోవాలి కదా? ఇంటికి చేరేలోపే ఇంకో అనుమానం పుట్టింది. దొంగను ఎందుకు కోరుకుంది, అంటే కమ్మలు తీసింది ఇదేనన్నమాట. కన్నబిడ్డ, సహోదరులారా. చెయ్యి పట్టుకుని, "కమ్మలు ఏడ పెట్టినవే?" అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. "నేను తియ్యలే అమ్మా. అత్తమ్మ తీసిందో లేదో నాకు తెల్వది. తీస్తే ఆమెకు ఈ మంచి దొంగ కావాలె. తియ్యకపోతే నింద వేసిన నీకు కావాలె. ఆ రోజు నా పక్కన నిలబడే జ్ఞానతల్లిగా అత్తమ్మే రావాలె, లేకపోతే నేను అభ్యంగనం తీసుకోను."

నా చెయ్యి దానంతట అదే వదిలేసింది. యేసయ్య పటం ముందు మోకరించి, "ప్రభువా, ఇన్నాళ్లూ అందరి సంచులూ విప్పించాను, నా సంచి ఒక్కనాడూ నీ ముందు విప్పలేదు, ఆ దొంగను తలుచుకున్నట్టు నన్నూ తలుచుకో తండ్రీ" అని ఏడ్చాను.

తెల్లారి మరిపెడ బస్సెక్కాను. శౌరమ్మకు రోడ్డు పక్కన మిర్చి బజ్జీల బండి ఉంది. తినేవాళ్లందరి ముందే, "తప్పు నాదే వదినా, స్నేహకు జ్ఞానతల్లిగా నువ్వే రావాలె" అన్నాను. ఆమె బజ్జీలు తిప్పి, నూనె వార్చి పక్కన పెట్టింది. తర్వాత, "నీ సంచి ఇటు తే" అంది. అయిపోయింది, ఇక్కడ అందరి ముందూ నా సంచి బోర్లిస్తుంది అనుకున్నాను. చూడండి, అప్పుడు కూడా అనుమానమే. ఆమె వేడి బజ్జీలు పేపర్లో చుట్టి అందులో పెట్టి, "పిల్లకు ఇష్టం గద" అంది. అంత మంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాను.

అభ్యంగనం నాడు నా బిడ్డ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది శౌరమ్మే. కమ్మలు ఈ రోజుకీ దొరకలేదు, ఎవరు తీశారని నేను అడగడం మానేశాను. మీరు సంచి విప్పించిన మనిషి ఎవరైనా ఉంటే, ప్రభువును నమ్మి ఈ వారమే బస్సెక్కండి, నన్ను మార్చినవాడు మిమ్మల్ని వదిలిపెట్టడు. దేవునికే మహిమ. ఇప్పుడు అందరం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుందాం. ఈసారి నేనూ మూసుకుంటాను.