మా బావను దొంగ అన్న గేమ్

ఈ పొద్దు బత్తలపల్లెలో మా అక్క ఇంట్లో నా పెదవి పగిలింది, బావ చెయ్యి తెగింది. తప్పు నాదే.

వాన లేక శెనక్కాయ విత్తనాలు మూటల్లోనే ఉండాయి. బావకు పనిలేదు, పొద్దంతా కంప్యూటర్‌లో తుపాకీ ఆటే. కంప్యూటర్ నత్త మాదిరి నడుస్తాందని పోయిన వారం నేనే దాన్ని నడిపే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, ఊరికే దొరికే లైనక్స్ వేసిచ్చినా. కొన్ని ఆటలకు లైనక్స్ గిట్టదని మాత్రం చెప్పలేదు.

మధ్యాన్నం ఆట నడుమ తెర ఆగిపోయి ఇంగ్లీషులో ఏందో వచ్చింది. మోసం చేసినందుకు నిన్ను బయటికి పంపినారని నేనే చదివి చెప్పినా.

"నేను మోసగాణ్నా? ఎవుడ్రా వాడు? వాని ఊరు యాడ?"

"మనిషి కాదు బావా, ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్. లైనక్స్ కనపడితే దొంగ అనుకుంటాది."

నా మాట అయ్యేలోపే పిడికిలి మానిటర్‌లోకి దిగింది. నెత్తురు కారుతాండే ఆ చేత్తోనే నా మూతి పగలగొట్టినాడు. బండలంతా ఎర్రగా అయింది, అక్క కేకలు.

ఆస్పత్రిలో ఆయనకు కుట్లు వేస్తాంటే, "పాత సాఫ్ట్‌వేరే వేసిస్తాలే బావా" అన్నా.

దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఎందుకురా? వాడెవుడో దొంగ అన్నాడని నా ఇంట్లోది నేను మార్చుకోవల్లా? లైనక్స్ ఉండనీ. ఆ ఆటను పీకెయ్."

ఓపెన్ సోర్స్ అంటే ఇదే, మన కంప్యూటర్‌లో ఏముండల్లో మనమే తేల్చుకునేదని ఐదేండ్లుగా గొంతు చించుకుంటాండా, ఒక్కని బుర్రకూ ఎక్కలేదు. బావకు నాలుగు కుట్లతో ఎక్కింది.

తన్నులు తినకుండా ఎవురికన్నా ఎక్కించినోళ్ళు ఉంటే చెప్పండప్పా. మూతి వాచి మాట్లాడలేను గానీ, చదువుతా.