బాబూరావు ఫోల్డర్

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లు మంట. మా అత్తగారు దిష్టి తీస్తుంటేనే పక్కకు తిరిగి నవ్వుకునేదాన్ని. ఇప్పుడూ నమ్మను. కానీ ఈ ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టడం లేదు.

నల్లపాడు స్టేషన్ దగ్గర మాకు ఫొటో స్టూడియో ఉంది. మావారు ఫొటోలు తీస్తారు, కంప్యూటర్ పని నాది. ఎవరొచ్చినా ముందు వాళ్ల పేరుతో కొత్త ఫోల్డర్ చేస్తాను. పోయినవాళ్లదైతే పేరు ముందు ‘లేట్’ అని కొడతాను. ఒకసారి మావారు పుట్టినరోజు ఫ్లెక్సీలో పెద్దాయన ఫొటోకి పొరపాటున దండ వేసేశారు. ఆయన కొడుకులు వచ్చి కొట్టినంత పని చేశారు. అప్పట్నుంచీ ఈ పద్ధతి పెట్టుకున్నాం.

మొన్న వానాకాలంలో మరియమ్మ అని ఒకామె వాళ్ల బావగారితో వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆమె భర్త బాబూరావు పొలం నుంచి వస్తూ వాగులో కొట్టుకుపోయాడు. ఎంత వెతికినా శవం దొరకలేదు. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామని, దానికి ఫ్లెక్సీ కావాలని బావగారు చెప్పారు.

ఫోల్డర్ చేసి ‘లేట్ బాబూరావు’ అని కొట్టాను. ఫొటో స్కాన్ చేసి వచ్చి చూస్తే ఉత్త ‘బాబూరావు’ అని ఉంది. నేనే మర్చిపోయానేమోనని మళ్లీ కొట్టాను. నా కళ్ల ముందే ‘లేట్’ పోయింది. ఆ ఫోల్డర్ తీసేసి ఇంకోటి చేశాను. అదీ అంతే. కీబోర్డు మార్చాను, సిస్టమ్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఊహూఁ! వేరేవాళ్ల పేర్ల ముందు మాత్రం శుభ్రంగా నిలిచింది.

మరియమ్మ వెనక నిలబడి అంతా చూస్తోంది. ఆ మాత్రం చదువు ఆమెకు వచ్చు.

“అక్కా, ఆయన పోలేదు. నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నా” అంది.

“పిచ్చి మాటలాపు మరియమ్మా! కంప్యూటర్ చెడిపోతే మనిషి తిరిగొస్తాడా?” అని బావగారు కసిరారు.

ఆమె వినలేదు. ఫొటో లాక్కుని గుండెలకు హత్తుకుంది. కూడిక ఆగిపోయింది.

రిపేరు చేసే అతను సిస్టమంతా చూసి ఏ లోపమూ లేదన్నాడు. బాబూరావు మాత్రం ఇంతవరకూ రాలేదు. మరియమ్మ వారం వారం వస్తుంది. ఫోల్డర్ చూపించమంటుంది, చూసుకుని తేలికపడి వెళ్తుంది. నాకే మనసు నిలవదు. ఆమెకు మంచి జరిగిందో చెడు జరిగిందో తెలియక సతమతమవుతున్నాను.

నిన్న సాయంత్రం వచ్చి కొత్తగా అడిగింది. “అక్కా, ఇంకొక్కసారి ఆ మాట కొట్టి చూడవా?”

మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది. ఈసారి చెరిగిపోకుండా నిలిచిపోతే? “కరెంటు పోయేట్టుందమ్మా, రేపు రా” అని సిస్టమ్ ఆపేశాను.

“సరే, పొద్దున్నే వస్తానక్కా” అంది.

ఆ మాట ఎందుకు చెరిగిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్లారింది. షట్టర్ తీయకుండా తాళంచెవి పట్టుకుని బయటే నిలబడ్డాను.