ఫోన్ ఒక్కపొద్దు

నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. విచిత్రమేమిటంటే అది మోస్తూ కూడా నవ్వుతూనే ఉంటాను. మా హాస్టల్ రోజుల్లో అన్నిటికంటే సంతోషంగా గడిచింది ఏదని మావాళ్లలో ఎవర్ని అడిగినా ఒక్క సాయంత్రం గురించే చెబుతారు. నేనూ అదే చెబుతాను. అది నా తప్పు వల్ల వచ్చిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదే ధైర్యం.

మొయినాబాద్ నుంచి ఆటోలో కాస్త లోపలికి వెళితే మా యూనివర్సిటీ. నా రూమ్మేట్ మౌనికది షాబాద్ దగ్గర పల్లె, వాళ్లకి చామంతి తోట ఉంది. మాది కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. మా ఇద్దరికీ కలిసిందల్లా ఫోన్ పిచ్చి. పళ్లు తోముకుంటూ ఫోన్, అన్నం తింటూ ఫోన్. ఒకసారి మౌనిక ఫోన్ చూస్తూ చారనుకుని మంచినీళ్లు కలుపుకుని అన్నమంతా తినేసింది. "ఇయ్యాల చారు జర సప్పగున్నది" అని కూడా అంది.

రెండో ఏడు మార్కులు చూశాక నాకు జ్ఞానోదయమైంది. మౌనిక వాళ్లమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా పస్తుండి, మసక పడ్డాక దీపం పెట్టి తింటుంది. మనమూ వారానికో రోజు ఫోన్‌కి ఒక్కపొద్దు ఉందామన్నాను. పొద్దున్నే ఫోన్లన్నీ ఆపేసి, మౌనిక ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ బియ్యం డబ్బాలో వేయాలి, దీపాల వేళకి తీయాలి. మా అంతస్తు అంతా చేరింది. నాకు స్వామీజీ అని పేరు పెట్టారు. వార్డెన్ మేడమ్ నన్ను చూపించి మిగతా వాళ్లని నేర్చుకోమనేది.

మొదట్లో నిజంగానే ఉన్నాను. తర్వాత నా వల్ల కాలేదు. చెయ్యి దానంతటదే దిండు కింద వెతుక్కునేది. ఇంట్లో మూలపడ్డ అమ్మ పాత ఫోన్ తెచ్చాను, అది వెలగడం ఎప్పుడో మానేసింది. డబ్బాలోకి అది వెళ్లేది, అసలుది నా దుప్పట్లోకి వచ్చేది. తలనొప్పి అని ముసుగు తన్నేదాన్ని. సరిగ్గా ఒక్కపొద్దు నాడే స్వామీజీకి తలనొప్పి ఎందుకొస్తుందని ఎవరూ అడగలేదు. దీక్ష కఠినమైందనుకున్నారు.

ఆ ఏడు పరీక్షలు బతుకమ్మ పండగ మీద పడ్డాయి. ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు సెలవు, మర్నాడే ల్యాబ్ పరీక్ష. మౌనిక ఊరికి వెళ్లొద్దనుకుంది. మనసు అటు పోకుండా ఉంటుందని ఒక్కపొద్దు ఆ రోజే పెట్టించాను. మధ్యాహ్నం దాటాక, దుప్పట్లో ఉన్న నా ఫోన్‌కి వాళ్ల తమ్ముడి మెసేజ్ వచ్చింది.

"అక్కా, మౌనికక్క ఫోన్ బందున్నది. పెద్దక్క అత్తగారింటికెల్లి వచ్చింది, రేపు పొద్దుగాలనే పోతది. బాపు పట్నంల పూలమ్మి వ్యాన్ల వాపస్ వస్తుండు. మొయినాబాద్ చౌరస్తాల ఆగుతడు, గంటల రమ్మను. రేపు మళ్ల పూల బండిలనే తోలిస్తం."

పెళ్లయ్యాక పెద్దక్క పుట్టింటికి రావడం అదే మొదటిసారి. ఆమె కోసం మౌనిక ఎంతగా కళ్లు కాయలు కాసేలా చూస్తోందో నాకు తెలుసు. చెప్పాలనే అనుకున్నాను, నమ్మండి. కానీ ఎలా? డబ్బాలో ఉన్న ఫోన్‌కి వచ్చిన మెసేజ్ నేనెలా చూసినట్టు? ఏదో వంక పెట్టి డబ్బా తెరిపించాలి. ఏ వంక? ఆలోచిద్దాం, ఈలోపు ఈ ఒక్క వీడియో. ఎవరో పిల్లికి మెట్లెక్కడం నేర్పుతున్నారు. దాని తర్వాత ఇంకో పిల్లి. తలెత్తేసరికి కిటికీలో ఎండ లేదు.

పరువు పోతుందని భయపడి చెప్పలేదని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అది కొంచెం మర్యాదగల తప్పు. నిజం అంతకంటే చిన్నది, అందుకే ఎక్కువ సిగ్గు. నేను మరిచిపోయాను. స్నేహితురాలి పండగని పిల్లిని చూస్తూ మరిచిపోయాను.

డబ్బా తెరిచారు. మౌనిక ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ల నాన్న చాలాసేపు చూసి, వ్యాన్‌లో ఉన్న మిగతా రైతులు పండగకి తొందరపడుతుంటే వెళ్లిపోయాడట. మౌనిక కింద కూర్చుని ఏడ్చింది. తమ్ముడు నాకూ మెసేజ్ పెట్టాడట కదా అంది. "నా ఫోనూ డబ్బాలోనే ఉంది కదే" అన్నాను. వెలగని ఆ ఫోన్ పట్టుకుని, చదువుతున్నట్టు కళ్లు కూడా కదిపాను.

అంతలో గేటు దగ్గరికి ఆటోలో ఒక బస్తా వచ్చింది. అమ్ముడుపోని బంతి, చామంతి పూలు. బిడ్డ రాకపోయినా పూలైనా చేరాలని ఆ పెద్దాయన చౌరస్తాలో ఆటో ఎక్కించాడు. మౌనిక కళ్లు తుడుచుకుని లేచింది. తంగేడు లేదు, గునుగు లేదు. గుమ్మడాకులకు బదులు మెస్‌లోంచి క్యాబేజీ ఆకులు, తాంబాలానికి బదులు అన్నం వార్చే మూత, వాటి మీదే బతుకమ్మ పేర్చాం. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆడని ఆటని మౌనిక నాకు చెయ్యి పట్టి నేర్పింది. నేను ప్రతిసారీ తప్పు కాలు వేసి పక్కవాళ్ల మీద పడుతుంటే నవ్వలేక చచ్చారు. వార్డెన్ మేడమ్ కొంగు దోపుకుని వలయంలోకి వచ్చేసింది. మౌనిక గొంతెత్తి పాడుతుంటే మేమంతా అందుకున్నాం. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. ఎవరూ ఒక్క ఫోటో తీయలేదు. బతుకమ్మని బట్టలుతికే తొట్టిలో వదిలాక మౌనిక నా మెడ చుట్టూ చేతులేసింది.

"ఇదంత నీ పుణ్యమేనే. ఫోన్ నా చేతిల ఉంటే నేను ఊరికి పోతుంటి, ఇంత సంబురం ఏడిది?"

"మరి మీ అక్క?"

"అలిగింది. నాతోని మాట్లాడనన్నది."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆ చేతులు నా మెడ మీద ఉన్నాయి. చెప్పలేదు. పెద్దక్క మళ్లీ వచ్చి చెల్లెలితో మాట్లాడే సరికి సంక్రాంతి కూడా దాటిపోయింది.

ఇప్పుడు ప్రతి సద్దులకీ మేమంతా చేవెళ్ల మీదుగా మౌనిక వాళ్ల ఊరు వెళ్తాం. వాకిట్లోనే ఆ బియ్యం డబ్బా ఉంటుంది. ఇప్పుడు నా అసలు ఫోనే అందులో పడుతుంది. ఈసారి పెద్దక్క కూడా వచ్చింది. "ఇగో, నా చెల్లెను ఆపిన స్వామీజీ ఈమెనే" అని అందరికీ చూపించి నవ్వింది. నా పక్కనే ఆడింది. నేను తప్పు కాలు వేసినప్పుడల్లా మోచెయ్యి పట్టి సరిచేసింది. అంత దగ్గర నిలబడి కూడా ఆ మాట దాటేసి మళ్లీ చప్పట్లే కొట్టాను. నాకు భయం శిక్షంటే కాదు, ఆ నవ్వు ఆగిపోతుందేమోనని.

అందుకే ముందు ఇక్కడ అంటున్నాను, నా చెవులతో నేనే వినడానికి. పెద్దక్కా, ఆ మెసేజ్ నాకు అందింది. మీ బాపు వ్యాన్ మొయినాబాద్ చేరకముందే చదివాను.

హమ్మయ్య. అన్నాను.