పైపు మీద మూడు దెబ్బలు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో నవ్వితే నేను చెప్పను. మా అక్క పుస్తెల మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా నా కల్పన కాదు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. విన్న ప్రతివాడూ "నిద్రలేక గట్ల అనిపించింది తియ్" అంటాడు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

మా అక్క భర్త మల్లేశం బావ, నేను గుమ్మడిదల దగ్గర ఒకే మందుల కంపెనీలో పనిచేస్తాం. మూతికి మాస్కు, చుట్టూ మోటార్ల రొద. అరిచినా వినిపించదు. అందుకని పానాతో పైపు మీద కొడతాం. రెండు దెబ్బలు కొడితే అంతా బాగుందని. వెంటవెంటనే మూడు, కాస్త ఆగి ఒకటి కొడితే... ఎక్కడో లీకవుతోంది, ఉరికి రా అని.

బావకు గుండె కవాటం చెడితే పటాన్‌చెరు దాటాక ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అంతా మంచిగైందన్నారు. గొంతులో గాలిగొట్టం పెట్టి మత్తులో ఉంచారు. ఆ రాత్రి ఐసీయూ బయట బెంచీ మీద అక్క కొంగు కప్పుకుని కునుకు తీస్తోంది. నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో లిఫ్టు మూలిగి ఆగిపోయింది.

అప్పుడు వినిపించింది.

టక్, టక్, టక్...

ఆగింది. ఊపిరి బిగబట్టాను.

టక్.

ఇనుము మీద ఇనుము. ఏళ్ల తరబడి విన్న చప్పుడు, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఐసీయూ లోపల్నుంచే వచ్చింది. తలుపు దగ్గరున్న వాచ్‌మన్‌ను బతిమాలాను.

"అన్నా, లోపల మా బావ పిలుస్తుండు. జెర సిస్టర్‌కు చెప్పు."

"గొంతుల గొట్టముంది గదా, ఎట్ల పిలుస్తడు? పొయ్యి కూసో."

"కొడుతుండు. నీకు ఇనొస్తలేదా?"

"నాకేం ఇనొస్తలేదు. పొద్దుగాల పెద్ద డాక్టరొస్తడు, ఆయన్నడుగు."

మళ్లీ మూడు... ఒకటి. ఈసారి తొందర తొందరగా. అక్కను లేపితే ఆమె కూడా "ఏం సప్పుడురా, ఎందుకు పరేషాన్ చేస్తవ్?" అంది. వీళ్లందరి చెవులకు ఏమైంది? ఇక నావల్ల కాలేదు. వాచ్‌మన్‌ను పక్కకు నెట్టి అరచేతులతో తలుపు బాదాను.

సిస్టర్ కోపంగా బయటికొచ్చింది. "మిషన్లన్నీ నార్మలే ఉన్నయి. ఏంది మీ లొల్లి?"

"ఒక్కపారి సూడమ్మా. తర్వాత పోలీసులకు పట్టించినా సరే."

గొణుక్కుంటూ వెళ్లి తెర తీసింది. తలుపు సందులోంచి చూశాను. బావలో కదలిక లేదు. రెండు చేతులూ గుడ్డ పట్టీలతో మంచానికి కట్టేసి ఉన్నాయి. గాలిగొట్టంలో... సన్నగా ఒక ఎర్ర చార. చూస్తుండగానే గొట్టమంతా రక్తం. అప్పుడు మోగింది ఆ మిషన్ మహాతల్లి.

డాక్టర్లు ఉరికొచ్చారు. ఊపిరితిత్తిలో రక్తనాళం చిట్లిందట. గుండె ఆపరేషన్ అయినవాళ్లలో ఎప్పుడో ఒకరికి ఇలా అవుతుందట. మంచి ఊపిరితిత్తిలోకి రక్తం పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టారు, చిట్లినవైపు గాలిదారి మూసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని తెల్లారాక పెద్ద డాక్టరు చెప్పాడు. చప్పుడు సంగతి చెబితే, ఆ మత్తులో వేలు కూడా కదపలేడన్నాడు. నన్ను ఇంటికెళ్లి పడుకోమన్నాడు.

సరే, బావనే అడుగుదామని గొట్టం తీసేదాకా ఆగాను.

"బావా, ఆ రాత్రి ఏంతోని కొట్టినవ్?"

బావ నావైపు వింతగా చూశాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"నేనేడ కొట్టినరా... సీకట్ల మునిగిపోతున్నట్టుండె. దూరంగ పైపు మీద మూడు... ఆగి ఒకటి. నువ్వే కొడుతున్నవనుకున్న. నీకాడికి ఉరికొద్దామంటే కాళ్లు కదల్లే."

ఆ రాత్రి నా చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. బావ కొట్టలేదు, నేను కొట్టలేదు. మరి మా ఇద్దరినీ ఉరికి రమ్మన్నది ఎవరు... నిద్రలేక అని మాత్రం అనకండి. నాకైతే నిద్ర లేదు సరే, బావ నిద్రలోనే ఉన్నాడు కదా.