బూట్లతో గుర్రమెక్కే హీరోలు

మా నాన్న తాతబాబు ఫిషింగ్ హార్బర్ నుంచి నలభై ఏళ్లుగా వేటకి వెళ్తున్నాడు. ఇంట్లో ఉన్న ఆదివారం మాత్రం నా పిల్లల మధ్య కూర్చుని గుర్రాల ఇంగ్లీషు సినిమాలు చూస్తాడు. మాటలు ఒక్కటీ అర్థం కావు. అయినా ఆ ఎర్రకొండలూ, కనుచూపుమేరా ఊగే గడ్డీ తెర మీదికొస్తే ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోతుంది.

"సముద్రానికి గడ్డి మొలిస్తే ఇలాగే ఉంటాది" అంటాడు.

ఒక్కటే ఆయనకు గిట్టదు. పడవ మాకు తల్లి, చెప్పులు విప్పకుండా ఎవరమూ ఎక్కం. అందుకే హీరో బూట్లతో గుర్రమెక్కితే చాలు, టీవీ మీద విరుచుకుపడతాడు. "కూడెట్టేదాని మీద బూట్లేటిరా!"

"అది సినిమా నాన్నా" అని నేను విసుక్కునేదాన్ని.

మొన్న చూసిన సినిమాలో ఒక అడవి గుర్రం ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే కింద పడేసింది. చివరికి, ఏరు దాటుతూ బూట్లు పోగొట్టుకున్న ఒక చిన్నపిల్ల వట్టికాళ్లతో దాని దగ్గరికెళ్లింది. గుర్రం కదలకుండా నిలబడి ఆ పిల్లను ఎక్కనిచ్చింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాన్న తాపీగా నా వైపు తిరిగాడు.

"నాను సెప్తే ఇన్నావేటే? ఇప్పుడు గుర్రం సెప్పింది."